క్వార్టరు పిల్లలు

1944 జూన్ 5 తెల్లవారుజామున బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ చుట్టుపక్కల విమానాశ్రయాల నుంచి 98 అమెరికన్ బి-29 బాంబర్లు ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి. ఆ రకం విమానం యుద్ధంలోకి దిగడం ప్రపంచంలో అదే మొదటిసారి. వాటిలో కొన్ని లేచిన చోటు సాలువా. వెళ్ళవలసిన చోటు బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే వర్క్‌షాపు. రైలు ఇంజన్లు బాగుచేసే ఊరి పక్క నుంచి లేచి, రైలు ఇంజన్లు బాగుచేసే ఇంకో చోటి మీద బాంబులు వేయడానికి వెళ్ళాయన్న మాట.

మర్నాడు, జూన్ 6న, ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో యూటా బీచి మీద పాతికేళ్ళ అమెరికన్ సైనికుడొకడు దిగాడు. పేరు జె.డి. శాలింజర్. హోల్డెన్ కాల్‌ఫీల్డ్ అనే కుర్రవాడి మీద అతను అప్పటికే కథలు రాస్తున్నాడు. యుద్ధంలో ఉన్నన్నాళ్ళూ రాస్తూనే ఉన్నాడు. 1945లో మనసు చెదిరి జర్మనీలో ఆసుపత్రి పాలయ్యాడు. ఆ కథలే పెరిగి పెద్దవై 1951 జూలై 16న 'ది క్యాచర్ ఇన్ ది రై' అనే నవలగా వచ్చాయి. నెలా రెండు రోజుల తర్వాత, ఆగస్టు 18న, సాలువాకు ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో, హిజిలీలోని పాత నిర్బంధ శిబిరం ఆవరణలో దేశంలోని మొట్టమొదటి ఐఐటీని మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించారు.

తేదీలు అలా కలిసొచ్చాయి, అంతే. అసలు చుట్టరికం వేరే చోట ఉంది. హోల్డెన్ తనది కాని గదుల్లో పెరిగిన పిల్లవాడు. ఖరగ్‌పూర్, హిజిలీ, సాలువా నూరేళ్ళకు పైగా పిల్లలు తమవి కాని గదుల్లో ఈడేరిన ఊళ్ళు. కంపెనీ ఇచ్చిన గది, జైలు ఇచ్చిన గది, సైన్యం ఇచ్చిన గది, హాస్టలు ఇచ్చిన గది. గోడకు మేకు కొట్టాలన్నా ఎవరో ఒకరి అనుమతి కావాలి. ఆ గదుల్లో పెరిగినవాళ్ళలో తెలుగు పిల్లలది పెద్ద వంతు.

నవల కథ చిన్నది. పదహారేళ్ళ హోల్డెన్‌ను పెన్సీ అనే రెసిడెన్షియల్ స్కూలు నుంచి తీసేస్తారు. ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లక, క్రిస్మస్ సెలవులింకా ఇవ్వకముందే, రాత్రికి రాత్రి రైలెక్కి న్యూయార్క్ వచ్చేసి ఊరంతా తిరుగుతాడు. ఆ తిరుగుడులో అతను తలవాల్చిన చోట్లు వరసగా చూడండి: హాస్టలు గది, హోటలు గది, ఒక మాస్టారి ఇంట్లో సోఫా, చివరికి గ్రాండ్ సెంట్రల్ స్టేషను వెయిటింగ్ రూములో బెంచీ. సొంత ఇంటికి వెళ్ళినా దొంగలా వెళ్తాడు. పదేళ్ళ చెల్లెలు ఫీబీతో గుసగుసగా మాట్లాడి, అమ్మానాన్నల కంట పడకుండా జారుకుంటాడు. తండ్రి పెద్ద కంపెనీలకు వకీలు, ఇంట్లో దేనికీ లోటు లేదు. అయినా ఆ రాత్రి అతనికి స్టేషను బెంచీయే దిక్కయింది.

గ్రాండ్ సెంట్రల్‌లో 44 ప్లాట్‌ఫారాలున్నాయి. లెక్కకు ప్రపంచంలో దాన్ని మించిన స్టేషను లేదు. 1,072 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలా ఏళ్ళు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా ఉండి, 2013లో గోరఖ్‌పూర్‌కూ, 2023లో హుబ్బళ్ళికీ వెనకబడింది. ఈ ఊళ్ళో బడి పిల్లవాడు అన్నిటికంటే ముందు బట్టీపట్టే సామాన్య జ్ఞానం ఇదే. తన ఊరికి పేరు తెచ్చింది జనం దిగి వెళ్ళిపోయే చోటు అని వాడికి అప్పటికి తట్టదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. జనం నోట బి.ఎన్.ఆర్. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ కంపెనీ మేదినీపూర్ జిల్లాలో ఎర్ర మట్టి నేల మీద, సాల చెట్ల మధ్య జంక్షను వేసి, పక్కనే పెద్ద వర్క్‌షాపు కట్టడానికి పూనుకుంది. తెలుగువాళ్ళు అక్కడికి చేరడానికి దారి వేసింది మాత్రం 1902 నాటికి పూర్తయిన ఒక పంపకం. విజయవాడ నుంచి కటక్ దాకా ప్రభుత్వం వేసిన ఈస్ట్ కోస్ట్ రైలుమార్గాన్ని రెండు ముక్కలు చేశారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్నది మద్రాసు రైల్వేకు, ఉత్తరాన ఉన్నది బి.ఎన్.ఆర్.కు దక్కింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెలూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే యజమాని కిందికి వచ్చాయి.

అప్పట్లో అవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలు. వాన కురిస్తే పంట, లేకపోతే వలస. ఆ వలస అప్పటిదాకా బర్మాకు. రంగూన్ వెళ్ళాలంటే సముద్రం దాటాలి, ఓడ టికెట్టుకు మేస్త్రీ దగ్గర అప్పు చేయాలి. ఖరగ్‌పూర్‌కయితే రైలెక్కితే చాలు. ముందు ఒకడు వెళ్ళి కళాసీగా చేరతాడు. రెండేళ్ళకు బావమరిదిని పిలిపిస్తాడు, ఇంకో ఏడాదికి అన్న కొడుకుని. బాయిలరు షాపులో, ఫౌండ్రీలో, లోకో షెడ్డులో, పట్టాల మీద గేంగుల్లో తెలుగు మాట వినిపించడం మొదలైంది. 1927లో వర్క్‌షాపులో సమ్మె, ఆ తర్వాత నెలల తరబడి లాకౌటు నడిచినప్పుడు ఆ కార్మికుల పక్షాన నిలిచి పోరాడిన నాయకుడూ ఈ దారి మనిషే. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి యూనియన్ జీవితంలో పెద్ద భాగం బి.ఎన్.ఆర్. కార్మికులతోనే గడిచింది.

కళాసీ చేరాక కంపెనీ అతనికి క్వార్టరు ఇచ్చింది. బి.ఎన్.ఆర్. మనిషి హోదాను ఇటుకల్లో కట్టి చూపించింది. తెల్ల అధికార్లకు సౌత్ సైడులో తోటల మధ్య బంగళాలు. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లకూ గార్డులకూ వాటికి ఒక మెట్టు దిగువ ఇళ్ళు. భారతీయ కార్మికులకు వరస ఇళ్ళు. మథురాకాటి, నీంపురా వంటి పేటల్లో ఆ వరసలు ఇవాళ్టికీ ఉన్నాయి. గోడ మీద తెల్ల రంగుతో అంకెలు: ఫలానా రోడ్డు, ఫలానా యూనిట్టు, ఫలానా నంబరు. ఇంటికి ఇంటిపేరు ఉండదు, నంబరే ఉంటుంది.

చిన్న క్వార్టరంటే ఒక గది, కాస్త వసారా, వంటకు ఇరుకు చోటు, వెనక పెరడు. పెరట్లో రేకులు దించి ఇంకో గది లేపనివాళ్ళు అరుదు. గోడకు సింహాచలం అప్పన్న, పక్కన విజయనగరం పైడితల్లి, ఆ పక్కన రైల్వే కేలండరు. మంచం కింద ట్రంకు పెట్టెలు. మొదటి షిఫ్టు నాన్న నిద్ర లేచేసరికి నైటు షిఫ్టు చిన్నాన్న వచ్చి అదే చాప మీద వాలతాడు. ఎనిమిది మంది మసిలే ఆ ఇంట్లో పదహారేళ్ళ గుంటడికి అలగడానికి ఒక మూల కూడా దొరకదు. హోల్డెన్ బాధ ఖాళీ గదులది; ఈ పిల్లవాడి బాధ గది లేకపోవడం. ఇద్దరూ చేసే పని మాత్రం ఒకటే, స్టేషను వైపు నడవడం. ప్లాట్‌ఫారం చివర, దీపాలు పలచబడే చోట, సిమెంటు బెంచీ మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. వచ్చే రైలుకు ఎదురుచూస్తున్నాడనుకుంటారు.

మాట సంగతీ అంతే. ఇంట్లో 'ఏటి', గోల్ బజారులో 'క్యా', బడిలో 'కీ'. ఒకే ప్రశ్నను మూడు భాషల్లో అడగడం వాడికి ఏడేళ్ళకే వచ్చేస్తుంది. అది గొప్ప విద్యే. కానీ వేసవి సెలవుల్లో తాతగారి ఊరు వెళ్తే, నోరు విప్పగానే చెరువు గట్టు మీద పిల్లలు 'బెంగాలోడొచ్చాడ్రా' అంటారు. తిరిగి ఖరగ్‌పూర్ వస్తే బడిలో 'మద్రాసీ'. హోల్డెన్‌కు పెద్దల మాటల్లో డాబు, నటన కనిపించి ఒళ్ళు మండుతుంది. క్వార్టరు పిల్లవాడికి ఆ మంటకు తీరిక కూడా లేదు. మూడు భాషల్లో మూడు రకాలుగా తానే మారవలసి వస్తుంటే, ఎదుటివాడు నటిస్తున్నాడని ఏ నోటితో అంటాడు?

ఆ తాతగారి ఊరికి తీసుకెళ్ళేది పాసు. రైల్వే ఉద్యోగి ఇంట్లో పాసు కాగితానికున్న విలువ బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఆఫీసులో గుమాస్తా ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకో రాసి, కింద ఇంటిల్లిపాదినీ వరసగా ఎక్కిస్తాడు: తాను, భార్య, కొడుకు పదిహేను, కూతురు పదకొండు. నాన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకుంటాడు. హౌరా-మద్రాసు మెయిల్లో బాలాసోరు, కటక్, బరంపురం దాటి, ఇచ్ఛాపురం వచ్చేసరికి బోర్డు మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. టి.టి.ఇ. వచ్చి కాగితం విప్పి వయసులు చదివి, పిల్లల మొహాలు చూస్తాడు. పిల్లవాడికి తన వయసు అధికారికంగా తెలిసేది అక్కడే. ఇప్పుడు 2020 నుంచి ఇ-పాసు వచ్చి ఆ మడతల కాగితం పోయింది.

సౌత్ సైడు ఆంగ్లో ఇండియన్ పిల్లల కథ ఇంకో రకం. వాళ్ళకు రైల్వే ఇన్‌స్టిట్యూటు క్లబ్బులో డాన్సులు, పియానో, క్రిస్మస్ ఉన్నాయి. రైల్వేలో చాలా ఉద్యోగాలు పుట్టుకతోనే వాళ్ళ కోసం అట్టేపెట్టి ఉండేవి. 1947 తర్వాత ఆ రక్షణ సడలింది. చాలా కుటుంబాలు ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు ఓడెక్కాయి. 'హోమ్' అని వింటూ పెరిగిన దేశంలో వాళ్ళ పిల్లలు తొలిసారి కాలు పెట్టింది పరాయివాళ్ళుగా.

హిజిలీ గదులు ఇంకా కఠినమైనవి. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ నిర్బంధ శిబిరం తెరిచి, బెంగాల్ విప్లవ యువకులను విచారణ లేకుండా తెచ్చి పడేసింది. మామూలు జైళ్ళు నిండిపోయి తెరిచిన శిబిరమిది. 1931 సెప్టెంబరు 16 రాత్రి పోలీసులు నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. మృతదేహాల కోసం సుభాష్ చంద్ర బోస్ వచ్చారు. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ టాగోర్ మాట్లాడారు. ఆ శిబిరం 1942లో పూర్తిగా మూతపడింది.

శాలింజర్ నవలలో జేమ్స్ కాజిల్ అనే పిల్లవాడున్నాడు. తోటి విద్యార్థి ఒకడి గురించి తానన్న మాటను వెనక్కి తీసుకోనని భీష్మించి, గదిలో చుట్టుముట్టినవాళ్ళ చేతుల్లో హింసపడి, కిటికీలోంచి దూకేస్తాడు. అప్పుడు వాడి ఒంటి మీదున్నది హోల్డెన్ దగ్గర అడిగి తీసుకున్న స్వెటరు. అంతమంది పెద్దల్లో ఆ పిల్లవాణ్ణి తన కోటుతో కప్పి ఎత్తుకెళ్ళింది ఆంటొలీని మాస్టారొక్కడే. హోల్డెన్ అర్ధరాత్రి ఎవరి ఇంటి తలుపు తట్టాడో ఆ మాస్టారే. మూసిన గదిలో బలవంతులంతా ఒకవైపు, మాట తప్పని ఒక్కడూ ఇంకోవైపు. నవలకు నాడి ఇక్కడ కొట్టుకుంటుంది. హిజిలీ కథ తెలిసినవాళ్ళకు ఆ పేజీలు రెండు రకాలుగా బరువెక్కుతాయి.

ఖైదీలు ఖాళీ చేసిన భవనంలోకి అమెరికన్లు వచ్చారు. 1944లో ఇరవయ్యో బాంబర్ కమాండ్‌కు ఖరగ్‌పూరే ప్రధాన స్థావరం. సాలువా, చాకూలియా, పియార్‌డోబా, దూద్‌కుండీల్లో రన్‌వేలు వేశారు. 468వ బాంబర్ గ్రూపు ఖరగ్‌పూర్ పక్కనే దిగింది. బి-29 రెక్కల వెడల్పు 43 మీటర్లు, ఒక్కో విమానంలో 11 మంది. ఆ బరువు మోయడానికి వేల మంది కూలీలు రాళ్ళు కొట్టి, ఎర్ర నేలను చదును చేశారు. మే, జూన్ ఎండల్లో ఇంజన్లు వేడెక్కి మంటలు లేచేవి. పెట్రోలు పీపాలను హిమాలయాల మీదుగా చైనాలోని చెంగ్డూకు మోసుకెళ్ళి, అక్కడ మళ్ళీ నింపుకుని జపాను దాకా వెళ్ళిరావాలి. ఒక్క దాడికి సరిపడా ఇంధనం పోగేయడానికి ఎన్నోసార్లు ఆ కొండలు దాటాలి. 1945 తొలి నెలల్లో ఈ దళం పసిఫిక్‌లోని టినియన్ దీవికి మారిపోయింది.

హోల్డెన్ అన్న డి.బి. కూడా ఆ యుద్ధంలో నాలుగేళ్ళున్నవాడే. నార్మండీ తీరంలో దిగాడు. తుపాకి పేల్చే అవసరం రాకుండా ఒక జనరల్‌ను కారులో తిప్పుతూ గడిపాడు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడల్లా మంచం మీద పడుకునే ఉండేవాడు. శాలింజర్ తన యుద్ధాన్ని నవలలోకి నేరుగా రానివ్వలేదు. మంచం మీద పడుకున్న అన్నను చూస్తూ పెరిగిన తమ్ముడికి దాన్ని అప్పజెప్పాడు. సాలువా నుంచి లేచి బ్యాంకాక్ మీద బాంబులు వేసి, ఇంటికి వెళ్ళాక మంచం పట్టిన అన్నలు అమెరికాలో ఎందరున్నారో, వాళ్ళను చూస్తూ పెరిగిన తమ్ముళ్ళూ అందరున్నారు. 1951లో ఆ పుస్తకం అంతగా అమ్ముడుపోవడంలో వాళ్ళ పాత్ర ఉందని నమ్మవచ్చు.

అమెరికన్లు పోయాక సాలువా ఖాళీగా ఉండిపోలేదు. ఢాకాలోని పిల్‌ఖానా కేంద్రంగా ఉన్న ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దేశవిభజనతో రెండుగా చీలింది. అటు మిగిలినది ఈస్ట్ పాకిస్తాన్ రైఫిల్స్ అయింది. గోర్ఖా సిపాయిలు ఇటు వచ్చి సాలువాలో స్థిరపడ్డారు. అలా మేదినీపూర్ ఎర్ర నేల మీద నేపాలీ మాట్లాడే ఊరొకటి వెలిసింది. ఢాకా వదిలి వచ్చినవాళ్ళ మనవలకు డార్జిలింగూ ఢాకా రెండూ విన్న పేర్లే. తండ్రి దళంలో ఉన్నంతకాలం ఇల్లు దళానిది. తెలుగు కళాసీ కొడుక్కూ గోర్ఖా సిపాయి కొడుక్కూ మధ్య కొద్ది కిలోమీటర్ల దూరం, రెండు భాషల తేడా ఉన్నాయి గాని, ఇంటి తాళంచెవి ఇద్దరి చేతుల్లోనూ అరువుదే.

2010 ఫిబ్రవరి 15న సిల్దాలోని ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ శిబిరం మీద మావోయిస్టులు దాడి చేశారు. 24 మంది జవాన్లు చనిపోయారు. ఇంట్లో ఒకరు పోతే పిల్లలేం చేస్తారో నవలలో ఉంది. హోల్డెన్ తమ్ముడు ఆలీ పదకొండేళ్ళకు లుకేమియాతో పోయినప్పుడు, పదమూడేళ్ళ హోల్డెన్ గరాజు కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఆలీ బేస్‌బాల్ ఆటలో వేసుకున్న తొడుగు మీద ఆకుపచ్చ సిరాతో పద్యాలు రాసి ఉంటాయి, ఆట మధ్య తోచనప్పుడు చదువుకోవడానికి. ఆ తొడుగును హోల్డెన్ ఎక్కడికెళ్ళినా వెంట తీసుకెళ్తాడు. చావు ఇంట్లో పిల్లలు ఏ వస్తువును పట్టుకుని నిలబడతారో పెద్దలకు తెలియదు. ఆ ఫిబ్రవరిలో సాలువా పిల్లలు ఏ వస్తువులు పట్టుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

ఐఐటీ మొదటి బ్యాచిలో 224 మంది విద్యార్థులు, 42 మంది అధ్యాపకులు. తొలి తరగతులు ఖైదీలుండిన భవనంలోనే జరిగాయి. హాస్టళ్ళను ఇక్కడ 'హాలు' అంటారు: పటేల్ హాలు, ఆజాద్ హాలు, నెహ్రూ హాలు. దేశం నలుమూలల నుంచి వచ్చిన పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు ఒక్కసారిగా అపరిచితుల పక్క గదుల్లో పడ్డారు. హోల్డెన్ హాస్టల్లో మనకు కనిపించే ఇద్దరూ ఇక్కడ ప్రతి అంతస్తులోనూ ఉంటారు. పక్క గది ఆక్లీ మొటిమలతో, పాచి పళ్ళతో, పిలవకుండానే వచ్చి కూర్చుని మన వస్తువులన్నీ కెలుకుతాడు. గదిలో తోడుండే స్ట్రాడ్‌లేటర్ అందగాడు, ఆటగాడు, తన హోంవర్కు మనచేత రాయించుకుంటాడు. హోల్డెన్ ఇద్దరినీ తిడతాడు, కథ చివరికి వచ్చేసరికి ఇద్దరి మీదా బెంగ పెట్టుకుంటాడు. హాస్టల్లో ఉన్నవాళ్ళకు ఈ లెక్క తెలుసు.

దీపావళికి ఈ హాళ్ళలో 'ఇల్యుమినేషన్' జరుగుతుంది. వెదురు కర్రలతో ఎత్తైన తడికలు కట్టి, వాటి మీద వందల కొద్దీ మట్టి ప్రమిదలు బొమ్మ రూపంలో పేరుస్తారు. ఆవరణలో దీపాలన్నీ ఆర్పేసి ఒక్కసారిగా వెలిగిస్తారు. వారాల పాటు తడికలు కట్టేది, ప్రమిదల్లో నూనె పోసేది మొదటి ఏడాది పిల్లలే ఎక్కువ. అప్పటిదాకా ఒకరి పేరొకరు సరిగ్గా పలకలేని పిల్లలు ఆ నూనె చేతులతో స్నేహితులవుతారు. గుంటూరు, వరంగల్, విజయవాడల్లో రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీ బంకు మంచం మీద గడిపి వచ్చిన తెలుగు పిల్లలకు, పుస్తకం కానిది చేతిలోకి రావడం అక్కడే మొదలయిన సందర్భాలు ఉంటాయి.

ఆ రెండేళ్ళ సంగతి తెలుగు నవల ఇంకా సరిగ్గా రాయలేదు. మన సాహిత్యంలో లోకంతో పొసగని యువకులకు కొదవ లేదు. గోపీచంద్ నవలలో సీతారామారావు, బుచ్చిబాబు నవలలో దయానిధి, 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య'లో ఉస్మానియా హాస్టలు రవి ఉన్నారు. బి.ఎన్.ఆర్. దారిలోని గంజాంలో పుట్టి, కాశీలో చదివి, అగర్తలాలో పాఠాలు చెప్పిన త్రిపుర కథల్లో ఎక్కడా కుదురుకోలేని మనుషులున్నారు. వీళ్ళంతా ఇరవై దాటినవాళ్ళు. తత్వం మాట్లాడగలవాళ్ళు, తమ బాధకు పేరు పెట్టుకోగలవాళ్ళు. పదహారేళ్ళవాడు మన నవలలో పెద్దగా కనపడడు. కారణం సాహిత్యంలో కంటే చరిత్రలోనే వెతకాలి. కళాసీ కొడుకు పదహారేళ్ళకు అప్రెంటిస్ పరీక్షకు సిద్ధమయ్యేవాడు. ఉద్యోగంలో ఉండగా తండ్రి పోతే, పద్దెనిమిది నిండగానే కారుణ్య నియామకం కింద అదే వర్క్‌షాపు గేటులోకి నడిచేవాడు. బాల్యానికీ ఉద్యోగానికీ మధ్య హోల్డెన్ తిరిగినన్ని రాత్రులు వాడికి దక్కలేదు. ఇంటర్ కాలేజీలూ కోచింగులూ వచ్చాక ఆ వయసు మన దగ్గరా పొడుగైంది. దాన్ని రాసే నవల రావలసి ఉంది.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడిచిన కుర్రవాళ్ళలో దేశమంతటికీ తెలిసినవాడు ఒకడున్నాడు. మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 దాకా ఇక్కడ టి.టి.ఇ.గా పనిచేశాడు. రాంచీలో మెకాన్ కంపెనీ ఉద్యోగి కొడుకు, కంపెనీ కాలనీలో పెరిగినవాడు. ఇరవై ఏళ్ళకు మళ్ళీ క్వార్టర్లోకే వచ్చి పడ్డాడు, ఈసారి రైల్వేది. చేతిలో ప్రభుత్వ ఉద్యోగం, ఇంట్లో సంతోషం, మనసు మాత్రం మైదానంలో. ఆ ఉద్యోగం వదిలేసే ధైర్యం ఎంత పెద్దదో ఖరగ్‌పూర్ తండ్రులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాళ్ళ తాతలు పల్లె వదిలి వచ్చిందే ఆ ఉద్యోగం కోసం.

హోల్డెన్‌ను సృష్టించిన శాలింజర్ కూడా ఒక విధంగా బెంగాల్ దారి పట్టినవాడే. నవల వచ్చిన రోజుల్లోనే అతను న్యూయార్క్‌లోని రామకృష్ణ-వివేకానంద కేంద్రానికి వెళ్ళడం, స్వామి నిఖిలానందతో పరిచయం పెంచుకోవడం మొదలైంది. రామకృష్ణ పరమహంస సంభాషణల పుస్తకం అతనికి చివరిదాకా దగ్గరిదిగా ఉండిపోయింది. ఆ పరమహంస పుట్టిన కామార్‌పుకూర్ ఉన్న హుగ్లీ జిల్లా, మేదినీపూర్‌కు పొరుగు జిల్లా. శాలింజర్ పేరు ప్రతిష్ఠలకు దూరంగా అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉండిపోయి, 2010 జనవరి 27న కన్నుమూశాడు.

రైల్వే తండ్రి రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయడానికి కొన్ని నెలలు గడువిస్తారు. ఒకప్పుడు చాలామంది ట్రంకు పెట్టెలు మెయిల్లో ఎక్కించి శ్రీకాకుళం వైపు వెళ్ళిపోయేవాళ్ళు. రెండో తరానికి అక్కడ చేలూ లేవు, తెలిసినవాళ్ళూ లేరు. అందుకని తల్‌బగీచా, మలంచ వంటి చోట్ల చిన్న స్థలాలు కొని, తొలిసారి నంబరు కాకుండా పేరున్న ఇల్లు కట్టుకున్నారు. ఎండాకాలంలో వాళ్ళు ఘటాలతో ఊరేగే గ్రామదేవత పండగను ఊరంతా 'మాతా పూజ' అంటుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని తీర్మానించింది. 1902 నాటి పంపకం నుంచి లెక్కేస్తే అందుకు నూట పద్దెనిమిదేళ్ళు పట్టింది.

నవల చివర్లో హోల్డెన్ పడమటికి వెళ్ళిపోతానని చెల్లెలికి చీటీ రాస్తాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన ఫీబీ ఉత్త చేతులతో రాదు. అన్న ఎర్ర టోపీ నెత్తిన పెట్టుకుని, పెద్ద పెట్టె ఈడ్చుకుంటూ వస్తుంది, తానూ వస్తానని. ఆ పెట్టెను చూశాక హోల్డెన్ వెళ్ళడు.

రైల్వే పాసు నియమంలో కొడుక్కి ఇరవై ఒకటి దగ్గర గీత ఉంది. చదువుకుంటున్నట్టు కాగితం చూపిస్తే తప్ప ఆ వయసు దాటగానే పేరు తీసేస్తారు. పెళ్ళికాని కూతురికి ఆ గీత లేదు. అందుకని, కాగితం పాసుల రోజుల్లో, అన్నకు ఆ వయసు దాటిన వేసవి ఖరగ్‌పూర్ నుంచి మెయిలెక్కిన అన్నాచెల్లెళ్ళు పలాస దాకా ఒకే బెంచీ మీద కూర్చుంటారు. టి.టి.ఇ. వచ్చినప్పుడు చెల్లెలు నాన్న జేబులోని కాగితం వైపు చూస్తుంది. అన్న తన టికెట్టు తీసి చూపిస్తాడు.